కోవిడ్ నాటి వాయిదాలు ఇంకా తీరలేదు

2021 మొదట్లో ఒకరు 30 లక్షల ఇంటి అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 6.7 శాతం, గడువు 20 ఏళ్లు, నెల కంతు 22,722 రూపాయలు. పద్దెనిమిది కంతులు ఒక్కటీ తప్పకుండా కట్టారు. అప్పటికి వడ్డీ 9.2 శాతానికి చేరింది. బ్యాంకు కంతు ముట్టుకోకుండా గడువు పెంచింది. ఇంకా ఎన్ని కంతులు కట్టాలి? లెక్క ప్రకారం మిగలాల్సినవి 222. నిజంగా మిగిలేవి 479. అంటే దాదాపు 40 ఏళ్లు. వడ్డీ పెరగడమంతా ఒక్కసారే జరిగినట్టు లెక్క సులువు కోసం అనుకున్నాం గానీ, దశలవారీగా పెరిగినా ఫలితంలో పెద్ద తేడా రాదు.

కోవిడ్ నష్టం అనగానే మూతపడ్డ దుకాణాలు, పోయిన ఉద్యోగాలు, హైవేల మీద కాలినడకన వెళ్లిన వలస కూలీలు గుర్తొస్తారు. అవి కళ్లెదుట జరిగినవి. లెక్కల పుస్తకాల్లో జరిగింది వేరు. ఆ రెండేళ్లలో ప్రభుత్వాలు, బ్యాంకులు ఇచ్చిన ఊరటలో ఎక్కువ భాగం భారాన్ని తీసేయలేదు, ముందుకు జరిపింది. అలా జరిగిన భారం చివరికి ఎవరి నెత్తిన, ఎంత బరువుతో పడాలన్నది సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవని షరతులు తేల్చాయి. ఒకే చవక వడ్డీ విశాఖలో ఇల్లు కొన్నవారిని ఒకలా, అమెరికాలోని డాలస్‌లో కొన్నవారిని పూర్తిగా ఇంకోలా తాకడానికి కారణం అదే.

ఆరు కంతులు ఆపితే ఇరవై ఆరు

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల కంతులకు మూడు నెలల మారటోరియం, అంటే కట్టకుండా ఆపుకునే వీలు, ప్రకటించింది. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. మొత్తం ఆరు నెలలు. చాలామందికి అది "ఆరు నెలలు కట్టక్కర్లేదు" అని వినిపించింది. ఉత్తర్వులో మాత్రం, ఈ కాలంలోనూ మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతూనే ఉంటుందని స్పష్టంగానే ఉంది.

అప్పుడే 30 లక్షలు, 8 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకున్నవారి లెక్క చూడండి. కంతు 25,093. మొదటి నెల వడ్డీయే 20,000 కనుక అసలులోకి పోయేది 5,093 మాత్రమే. ఆరు నెలలు కట్టకపోతే ఆ వడ్డీ అసలుకు చేరి బాకీ 31,22,017 అవుతుంది. పాత కంతుతోనే తీర్చాలంటే 240 బదులు 266 కంతులు కట్టాలి. ఆపింది ఆరు, పెరిగింది ఇరవై ఆరు. రూపాయల్లో ఆరున్నర లక్షలు. వడ్డీ ముందు గుర్రాలు కూడా పరుగెత్తలేవని పెద్దలు ఊరికే అనలేదు.

అదే అప్పు చివరి రెండేళ్లలో ఉన్నవారు, అంటే 24 కంతులే మిగిలినవారు, ఆరు నెలలు ఆపితే పెరిగేది ఒక్క కంతు. అప్పు లేతగా ఉన్నప్పుడు ఆగితే అంత దెబ్బ, ముదిరాక ఆగితే గీత మాత్రమే. ఈ తేడాను అప్పట్లో కౌంటర్ దగ్గర వివరించి చెప్పినవారు తక్కువ. 2020 సెప్టెంబరులో పేరుకున్న 1,22,017 ఒకేసారి కట్టేసినా, లేదా కంతును సుమారు 1,300 పెంచమని అడిగినా, ఆ ఆరున్నర లక్షల్లో చాలా భాగం తప్పేది.

ఇక వడ్డీ మీద వడ్డీ మాఫీ. దాని మీద సుప్రీంకోర్టులో పెద్ద వాదనే నడిచింది. 2 కోట్ల దాకా ఉన్న అప్పులకు చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాను కేంద్రం తానే భరించి 2020 నవంబరులో ఖాతాల్లో వేయించింది. 2021 మార్చి 23 తీర్పులో కోర్టు ఆ పరిమితిని తీసేసి అందరికీ వర్తింపజేసింది, కానీ మొత్తం వడ్డీ మాఫీకి ఒప్పుకోలేదు. పై ఉదాహరణలో ఆ మాఫీ విలువ ఎంతో తెలుసా? ఆరు నెలల బారువడ్డీ 1,20,000. చక్రవడ్డీ 1,22,017. తేడా 2,017 రూపాయలు.

ఇంటి అప్పు ఎందుకు సాగింది

రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 5.15 శాతం నుంచి 2020 మార్చి 27న 4.40కి, మే 22న 4 శాతానికి దిగింది. 2022 మే 4 దాకా అక్కడే ఉంది. అంతకుముందే, 2019 అక్టోబరు 1 నుంచి, బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇళ్ల అప్పుల చర (మారుతూ ఉండే) వడ్డీని రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలని నిబంధన వచ్చింది. కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. దీని ఉద్దేశం మంచిదే. రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించినా బ్యాంకులు ఖాతాదారులకు తగ్గించడం లేదన్న పాత ఫిర్యాదుకు అది మందు.

ఆ మందు కోవిడ్‌లో బాగానే పనిచేసింది. తగ్గింపంతా వెంటనే కిందికి చేరింది, జనం ధైర్యంగా ఇళ్లు కొన్నారు. కానీ తలుపు రెండు వైపులా తెరుచుకునేది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా, తొమ్మిది నెలల్లో, రెపో 4 నుంచి 6.5కి ఎక్కింది. రెండున్నర శాతమూ అంతే వేగంగా అప్పులకు చేరింది.

ఇక్కడ బ్యాంకుల అలవాటు ఒకటి తోడైంది. రేటు పెరిగితే కంతు కదపకుండా గడువు పెంచడం. ఖాతాదారుకు నెల ఖర్చు మారదు కనుక గొడవ ఉండదు. ఇద్దరికీ ఆ నెలకు హాయి. కానీ మనం అనుకున్న అప్పులో 18 కంతుల తర్వాత మిగిలిన బాకీ 28.87 లక్షలు. 9.2 శాతం మీద దాని నెల వడ్డీ 22,136. కంతు 22,722. అసలుకు పోయేది 586 రూపాయలు. 28 లక్షల అప్పును నెలకు 586తో అరగదీయడం మొదలుపెడితే నలభై ఏళ్లు కాక ఎంత పడుతుంది? అప్పు పూర్తిగా కొత్తదై బాకీ 30 లక్షలే ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. నెల వడ్డీయే 23,000. కంతు వడ్డీకే చాలదు, కడుతున్నకొద్దీ బాకీ పెరుగుతుంది.

దీన్ని ఆపడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఉత్తర్వు ఇచ్చింది. రేటు మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది ఖాతాదారును అడగాలి. గడువు పెంపు వల్ల బాకీ పెరిగే స్థితి రాకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా వసూలైన అసలెంత, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని కంతులు మిగిలాయో రాయాలి.

ఆ స్టేట్‌మెంట్‌లో ముందు చూడాల్సింది చివరి అంకె, మిగిలిన కంతుల సంఖ్య. ఒప్పందంలో ఉన్నదాని కన్నా అది చాలా పెద్దదైతే కంతు కొద్దిగా పెంచమని రాసివ్వండి. మన ఉదాహరణలో కంతు 1,000 రూపాయలు పెంచితే 479 కాస్తా 354 అవుతుంది. పదేళ్లకు పైగా తగ్గింది. ఇంకో 1,000 పెంచితే 296. మొదట అనుకున్న 222 కంతుల్లోనే ముగియాలంటే 27,111 కట్టాలి. మొదటి వెయ్యి చేసినంత పని తర్వాతి వెయ్యి చేయదన్నది గమనించండి. అందుకే మొత్తం తేడా కట్టలేమని ఊరుకోవడం తప్పు. చర వడ్డీ ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా కొంత తీర్చినా, మొత్తం తీర్చేసినా బ్యాంకులు జరిమానా వేయకూడదు. బోనస్ వచ్చిన నెలలో 50 వేలు అసలుకు జమ చేయమని చెప్పి కట్టొచ్చు. ఆ మాట చెప్పకపోతే కొన్నిచోట్ల దాన్ని ముందస్తు కంతులుగా పెట్టుకుంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకో లొసుగు ఉంది. రెపో మీద బ్యాంకు కలిపే అదనపు శాతం పాత ఖాతాదారుకు ఎక్కువ, కొత్తగా వచ్చేవారికి తక్కువ ఉండటం మామూలే. మీ రేటులోంచి ఇవాళ్టి రెపోను తీసేసి మిగిలినది చూడండి. అదే బ్యాంకు కొత్తవారికి రెపో మీద కలిపే శాతంతో పోల్చండి. తేడా అర శాతం ఉన్నా అడగడం లాభమే. 2025లో రెపో వరుసగా తగ్గి డిసెంబరుకు 5.25కి వచ్చింది. అయినా కోవిడ్ నాటి 4 శాతం కన్నా ఒకటింపావు ఎక్కువే. అప్పటి రేటు ఎప్పటికీ ఉండేదన్నట్టు ఇంటి బడ్జెట్ వేసుకున్నవారి లెక్క ఇంకా కుదుటపడలేదు.

డాలస్‌లో తలకిందులైన కథ

అమెరికాలో ఇంటి అప్పు సాధారణంగా 30 ఏళ్లకు, స్థిర వడ్డీకి. 2021 జనవరి మొదటి వారంలో సగటు రేటు 2.65 శాతానికి పడిపోయింది. ఉన్న ఇళ్లవారు కూడా పాత అప్పు తీర్చి కొత్త తక్కువ రేటుకు మార్చుకున్నారు. 2023 అక్టోబరుకు రేటు 7.79 శాతం. పాతవారికి రూపాయి, కాదు, సెంటు కూడా పెరగలేదు. ఇక్కడ బరువు మోసింది అప్పు తీసుకున్నవారు కారు.

వారు ఇంకో రకంగా ఇరుక్కున్నారు. 4 లక్షల డాలర్ల అప్పుకు 3 శాతం మీద నెలకు 1,686 డాలర్లు. అంతే అప్పు 7 శాతం మీద తీసుకుంటే 2,661. ఇల్లు అమ్మి అదే వీధిలో అదే ధరకు ఇంకో ఇల్లు కొన్నా నెలకు 975 డాలర్లు అదనం. దాంతో పిల్లలు పెరిగి ఇల్లు చాలకపోయినా, ఉద్యోగం వేరే రాష్ట్రంలో వచ్చినా, అమ్మకుండా కూర్చున్నవారే ఎక్కువ. కొందరు పాత ఇల్లు అద్దెకిచ్చి కొత్త ఊళ్లో తాము అద్దెకున్నారు. 2021లో 61 లక్షల పాత ఇళ్లు చేతులు మారితే 2023లో మారినవి 41 లక్షలే. 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు.

వడ్డీ పెరిగితే ఇళ్ల ధరలు పడాలన్నది పుస్తకాల్లో ఉండే సూత్రం. కొనేవారు తగ్గారు నిజమే, అమ్మేవారు అంతకన్నా తగ్గారు. ధర కూలలేదు. ఫ్రిస్కో, ప్లానో లాంటి డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. 2021కి ముందే ఇల్లు కొన్నవారికీ, వీసా మీద వచ్చి 2023లో కొనబోయినవారికీ మధ్య ఏర్పడిన తేడా జీతాలతో పూడేది కాదు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్కనే ఉండొచ్చు.

మరి స్థిర వడ్డీ వల్ల ఆ నష్టం ఎవరిది? 3 శాతానికి 30 ఏళ్లు డబ్బు ఇరికించుకున్నవారిది. అందులో ఇలాంటి అప్పుల మీద పుట్టించిన బాండ్లు కొన్న బ్యాంకులు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు 2019 చివర్లో డిపాజిట్లు 62 బిలియన్ డాలర్లు. కోవిడ్ కాలంలో టెక్ కంపెనీల్లోకి పెట్టుబడులు వరదలా వచ్చి 2021 చివరికి అవి 189 బిలియన్లకు చేరాయి. అంత డబ్బును అప్పులుగా ఇవ్వలేక తక్కువ వడ్డీ దీర్ఘకాల బాండ్లు కొన్నారు. పదేళ్ల బాండు మీద ఏటా ఒకటిన్నర శాతం వస్తుంటే, మార్కెట్‌లో రేటు 4 శాతమైన రోజు 100 డాలర్ల ఆ బాండు 80కి మించి పోదు. 2023 మార్చి 8న ఆ బ్యాంకు 1.8 బిలియన్ల నష్టానికి బాండ్లు అమ్మినట్టు ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే ఖాతాదారులు 42 బిలియన్లు తీసుకోవడానికి ఎగబడ్డారు. పదో తేదీన బ్యాంకు మూతపడింది. అది ఎగవేతల వల్ల పడిన బ్యాంకు కాదు. డబ్బు మరీ ఎక్కువగా వచ్చిపడటం వల్ల పడిన బ్యాంకు.

బంగారం, చిన్న పరిశ్రమ

మన దగ్గర అత్యవసరం అంటే బీరువా తెరవడమే. 2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. వ్యవసాయేతర అవసరాలకు నగలు తాకట్టు పెడితే బ్యాంకులు విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పివ్వొచ్చు, 2021 మార్చి 31 వరకు. సరిగ్గా అదే వారంలో బంగారం ధర అప్పటి గరిష్ఠానికి, పది గ్రాములు సుమారు 56 వేలకు, చేరింది. మార్చి నాటికి 44, 45 వేలకు దిగింది.

100 గ్రాముల మేలిమికి సమానమైన నగలు అనుకోండి. విలువ 5.6 లక్షలు, 90 శాతం అప్పు 5.04 లక్షలు. ఏడు నెలలకు 9 శాతం వడ్డీతో 5.30 లక్షలు. తాకట్టులో ఉన్న బంగారం విలువ అప్పటికి 4.45 లక్షలు. పాత 75 శాతం నిబంధన కిందైతే వడ్డీతో కలిపి బాకీ 4.42 లక్షలు, అంటే ఇంకా నగల విలువ లోపలే. (అప్పట్లో బ్యాంకులు గత 30 రోజుల సగటు ధర తీసుకునేవి కనుక నిజం లెక్కలు కాస్త మెత్తగా ఉంటాయి.) ఆ 25 శాతం ఖాళీ అప్పిచ్చేవాడి పిసినారితనం కోసం పెట్టింది కాదు, ఇలాంటి పతనాన్ని ఆపుకోవడానికి పెట్టిన గట్టు. గట్టు తెంచిన చోట తేడా సొమ్ము తెచ్చి కట్టలేనివారి నగలు వేలానికి పోవాల్సిందే. 2025లో పది గ్రాములు లక్ష దాటాయి. నగ పోగొట్టుకున్నవారు అంత బంగారం మళ్లీ కొనాలంటే రెట్టింపు కన్నా ఎక్కువే పెట్టాలి.

చిన్న పరిశ్రమలకు 2020 మేలో వచ్చిన అత్యవసర రుణ పథకం రూపకల్పనలో మాత్రం తెలివి ఉంది. ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం అదనపు అప్పు, కొత్తగా తాకట్టు లేకుండా, నూరు శాతం కేంద్రం పూచీ మీద. బ్యాంకుల వడ్డీకి పరిమితి 9.25 శాతం. నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది వడ్డీ కడితే చాలు. జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో 50 లక్షల బాకీ ఉన్న యూనిట్‌కు 10 లక్షలు వస్తాయి. ఏడాదిపాటు నెలకు 7,708. ఆ తర్వాత అసలుతో కలిపి 36 నెలలు, నెలకు 31,916.

ఆ నాలుగు రెట్ల దూకుడు ఎప్పుడు మొదలైంది? 2020 జూన్‌లో తీసుకున్నవారికి 2021 జూన్‌లో. రెండో వేవ్ అప్పుడే ముంచి వెళ్లింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఏడాదిలో అంతా సర్దుకుంటుందన్న అంచనా మీద కట్టిన పథకం అది. తర్వాత కొందరికి గడువు అయిదేళ్లకు పెంచి, రెండేళ్లు వడ్డీ మాత్రమే కట్టే వీలిచ్చారు. పథకం లేకపోతే మూతపడే యూనిట్లు ఎన్నో ఉండేవి, అది నిజం. అదే సమయంలో 50 లక్షల బాకీ 60 అయింది, అమ్మకాలు పెరగలేదు. కొత్త యంత్రం కొనాల్సిన మూడేళ్లు పాత వ్యాపారంలో పడ్డ గుంత పూడ్చడానికి సరిపోయాయి.

కరెంటు బిల్లులో కోవిడ్

అన్నిటికన్నా కంటికి ఆనని దారి పన్నుల్లో ఉంది. జీఎస్‌టీ వచ్చినప్పుడు రాష్ట్రాలకు కేంద్రం ఒక మాట ఇచ్చింది. 2015-16 రాబడిని ఆధారంగా తీసుకుని ఏటా 14 శాతం పెరిగినట్టు లెక్కగట్టి, తక్కువ పడితే 2022 జూన్ దాకా అయిదేళ్లు పూడుస్తామని. ఆ డబ్బు కోసం కార్లు, శీతల పానీయాలు, పొగాకు, బొగ్గు మీద పరిహార సెస్సు వేశారు.

లాక్‌డౌన్‌లో రాష్ట్రాల రాబడీ పడింది, పరిహారం ఇవ్వాల్సిన సెస్సూ పడింది. హామీ ఏమో 14 శాతం. దాంతో కేంద్రం 2020-21లో 1.1 లక్షల కోట్లు, 2021-22లో 1.59 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఇందులో వాటా అందుకున్నాయి. తీర్చేది ఎవరు? కేంద్రమూ కాదు, రాష్ట్రాలూ కాదు. రాబోయే సెస్సు. 2022 జూన్‌లో ముగియాల్సిన సెస్సును 2026 మార్చి దాకా పొడిగించారు.

2023లో పన్నుకు ముందు 10 లక్షల ధర ఉన్న పెద్ద ఎస్‌యూవీ కొన్నవారు 28 శాతం జీఎస్‌టీ కాక 22 శాతం సెస్సు, అంటే 2.2 లక్షలు కట్టారు. ఆ సొమ్ము రోడ్లకూ పోలేదు, బడులకూ పోలేదు. రాష్ట్రాలు 2020-22 మధ్య ఖర్చుపెట్టేసిన డబ్బుకు వాయిదాగా పోయింది. కారు కొనని వారికీ తప్పలేదు. టన్ను బొగ్గు మీద సెస్సు అప్పట్లో 400 రూపాయలు, కిలోకు 40 పైసలు. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది. అంటే కొత్తగూడెంలో గానీ విజయవాడలో గానీ పుట్టిన ప్రతి థర్మల్ యూనిట్ ఖర్చులో సుమారు పావు రూపాయి ఈ సెస్సే ఉండేది. బిల్లు మీద ఆ పేరు ఎక్కడా కనిపించేది కాదు, ఉత్పత్తి ఖర్చులో కలిసిపోయి వచ్చేది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లు మార్చినప్పుడు కార్లు, పానీయాలు, బొగ్గు మీద సెస్సు తీసేశారు. బొగ్గు మీద జీఎస్‌టీని మాత్రం 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఒక్క పాన్ మసాలా, పొగాకు ఉత్పత్తుల మీద, ఆ అప్పూ వడ్డీ పూర్తిగా తీరేవరకు సెస్సు కొనసాగించాలని జీఎస్‌టీ మండలి నిర్ణయించింది. అలా ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిన అప్పులో చివరి కంతులు సిగరెట్లు, గుట్కా, జర్దా కొనేవారి వాటాకు వచ్చాయి.